కాటాను దూరం నుంచి చూడాలంటే: ఏ లోడ్ సెల్, ఏ జంక్షన్ బాక్స్, ఏ గేట్‌వే?

గుంటూరు చుట్టుపక్కల ఏ కోల్డ్ స్టోరేజీ అయినా, విజయవాడ వైపు ఏ రైస్ మిల్లు అయినా కొత్త వేబ్రిడ్జికి (లారీలు తూచే కాటాకు) కొటేషన్లు తెప్పిస్తే, ఈ రోజుల్లో వాటిలో "రిమోట్ మానిటరింగ్" అనే మాట కనిపించకుండా ఉండటం అరుదు. ఒకరు మొబైల్ యాప్ చూపిస్తారు, ఇంకొకరు క్లౌడ్ అంటారు, మరొకరు డిజిటల్ సెల్స్ వేస్తామంటారు. యజమాని ఆ కాగితాలన్నీ తెచ్చి సర్వీస్ ఇంజినీరు ముందు పెట్టి "ఏది తీసుకోమంటారు సార్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన ఇంజినీర్ల కోసం ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. యాప్, గేట్‌వే (కాటా అంకెలను నెట్ మీదుగా పంపే పెట్టె) చివర్లో తేల్చుకోవాల్సినవి. దూరం నుంచి ఏం కనిపిస్తుందన్నది లోడ్ సెల్ (డెక్ కింద బరువును విద్యుత్ సంకేతంగా మార్చే సెన్సర్), జంక్షన్ బాక్స్ (సెల్స్ కేబుళ్లన్నీ కలిసే పెట్టె) ఎంచుకున్న రోజే ఖాయమైపోతుంది. కాటా కింద పుట్టని సమాచారాన్ని ఏ యాప్ కూడా తెచ్చి చూపించలేదు.

తూకాల లెక్క వేరు, కాటా ఆరోగ్యం వేరు

కొటేషన్లో రాసిన మానిటరింగ్ ఎవరి కోసమో మొదట చూడండి. యజమానికి కావాల్సింది తూకాల లెక్క: ఏ లారీ ఎప్పుడొచ్చింది, ఖాళీ బరువెంత, లోడు బరువెంత, స్లిప్ ఎన్నిసార్లు ప్రింటయింది, ఫొటో ఉందా. ఇంజినీరుకు కావాల్సింది కాటా ఆరోగ్యం: ఏ సెల్ జారుతోంది, సున్నా ఎటు పోతోంది, బాక్సులోకి తేమ చేరిందా. మార్కెట్లో ఎక్కువమంది అమ్ముతున్నది మొదటిదే, పేరు మాత్రం రెండోది పెడుతున్నారు.

మొదటిది పనికిరాదని అనడం లేదు. వేబ్రిడ్జి దగ్గర జరిగే మోసాల్లో చాలా భాగానికి సెల్‌తో సంబంధమే ఉండదు. లారీ వెనక చక్రం డెక్ (లారీ ఎక్కి నిలిచే పలక) బయట ఉంటుంది, తూకం వేసేటప్పుడు మనిషి ప్లాట్‌ఫాం మీద నిలబడతాడు, ఒకే లారీకి రెండు స్లిప్పులు పడతాయి. వీటికి డెక్ రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు, స్లిప్పుతో పాటు ఫొటో తీసే కెమెరాలు ఉంటే చాలు. ఆ పని ఏ రకం సెల్ ఉన్నా అవుతుంది. అందుకే ఈ రెండు ఖర్చులనూ కొటేషన్లో విడివిడిగా రాయించండి. ఇక్కడి నుంచి నేను మాట్లాడేది రెండో దాని గురించే.

ఒక మైక్రోవోల్టు కూడా లేని సంకేతం

మూడు దారులున్నాయి. అనలాగ్ సెల్స్ (వోల్టేజీ సంకేతం ఇచ్చేవి), మామూలు జంక్షన్ బాక్స్, ఇండికేటర్‌కు (బరువు చూపించే తెర పెట్టెకు) తగిలించిన గేట్‌వే ఒకటి. అవే అనలాగ్ సెల్స్‌కు డిజిటల్ జంక్షన్ బాక్స్ రెండోది. సెల్ లోపలే ఎలక్ట్రానిక్స్ ఉండే డిజిటల్ సెల్స్ మూడోది. వీటి మధ్య తేడా తెలియాలంటే ఒక చిన్న లెక్క చూడాలి.

60 టన్నుల కాటా కింద 30 టన్నుల సెల్స్ 8 ఉన్నాయనుకుందాం. సెల్ సున్నితత్వం సాధారణంగా వోల్టుకు 2 మిల్లీవోల్టులు. ఇండికేటర్ 10 వోల్టుల సరఫరా ఇస్తే, సెల్ మీద పూర్తి 30 టన్నులు పడినప్పుడు వచ్చేది 20 మిల్లీవోల్టులు. ఎనిమిదింటినీ బాక్సులో సమాంతరంగా కలిపితే 240 టన్నులకు 20 మిల్లీవోల్టులు. అంటే 10 కిలోలకు వచ్చేది సుమారు 0.83 మైక్రోవోల్టు. ఇండికేటర్ 5 వోల్టులే ఇచ్చే రకమైతే అందులో సగం. వర్షాకాలంలో జంక్షన్ బాక్స్ గ్లాండ్ (కేబుల్ లోపలికి వెళ్లే చోటి బిగింపు) వదులై లోపలికి తేమ చేరితే, ఎలుక కేబుల్ పైపొర కొరికితే, పోయేది ఈ సంకేతమే.

మొదటి దారిలో ఎనిమిది సెల్స్ మాటా బాక్సులోనే కలిసిపోతుంది. ఇండికేటర్‌కు చేరేది ఒకే ఒక్క అంకె, గేట్‌వే పంపేదీ అదే. సున్నా 60 కిలోలు జరిగిందని విజయవాడలో కూర్చుని తెలుసుకోవచ్చు గానీ, అది మూడో సెల్ వల్లా, డెక్ కింద ఇరుక్కున్న రాయి వల్లా, బాక్సులో తేమ వల్లా అన్నది తెలియదు. సైటుకు వెళ్లి ఒక్కో సెల్ ఊడదీసి, ఇన్‌పుట్, అవుట్‌పుట్ నిరోధాలు, సున్నా మిల్లీవోల్టులు, ఇన్సులేషన్ చూడాల్సిందే. (ఇన్సులేషన్ చూసేటప్పుడు 500 వోల్టుల మెగ్గర్ వాడకండి. 50 వోల్టుల టెస్టరు చాలు, అదీ ఇండికేటర్ నుంచి కేబుల్ తీసేశాకే.)

ఈ దారిలో ఇంకో చిక్కుంది. చాలామంది దీన్ని పట్టించుకోరు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. ఇండికేటర్లలో ఆటోమేటిక్ జీరో ట్రాకింగ్ ఉంటుంది. డెక్ ఖాళీగా ఉన్నప్పుడు సున్నా నెమ్మదిగా జారితే అది తనంతట తానే సరిచేసుకుంటుంది. కాటాల అంతర్జాతీయ ప్రమాణం ఓఐఎంఎల్ ఆర్ 76 ప్రకారం ఇలా సరిచేసుకునే మొత్తం కాటా సామర్థ్యంలో 4 శాతం దాటకూడదు. 60 టన్నుల కాటాకు అది 2,400 కిలోలు. అంటే డెక్ కింద బురద రోజూ కొంచెం పేరుకుంటున్నా, ఒక సెల్ మెల్లగా జారుతున్నా, తెర మీద సున్నాయే కనిపిస్తుంది. ఆ సున్నాను గేట్‌వే క్లౌడ్‌కు పంపిస్తుంది, యాప్‌లో పచ్చ గుర్తు వెలుగుతుంది. కాటా బాగుందని అందరూ నమ్ముతారు.

కాబట్టి అమ్మే వాళ్లను ఒక్కటి అడగండి: గేట్‌వే పంపేది జీరో ట్రాకింగ్‌కు ముందున్న ముడి విలువా, తర్వాత తెర మీద కనిపించే బరువా? ముడి విలువ పంపకపోతే అది తూకాల లెక్కే, ఆరోగ్య పరీక్ష కాదు. ముడి విలువ ఇచ్చే ఇండికేటర్ ఉంటే మాత్రం మొదటి దారి కూడా పాత కాటాలకు బాగా పనికొస్తుంది. ప్రతి లారీ దిగాక సున్నా ఎక్కడికి తిరిగొచ్చిందో గ్రాఫ్ గీస్తే, రైస్ మిల్లులో ఊక, జిన్నింగ్ మిల్లులో దూది పీచు, మిర్చి దగ్గర తొడిమల పొడి డెక్ అంచుల్లో పేరుకోవడం స్పష్టంగా తెలుస్తుంది.

డిజిటల్ జంక్షన్ బాక్స్: మధ్య దారి

ఇందులో సెల్స్ పాతవే, బాక్స్ మాత్రం మారుతుంది. ఒక్కో సెల్‌కు విడిగా చానెల్ ఉంటుంది, అక్కడే అంకెగా మారి ఆర్‌ఎస్ 485 డేటా కేబుల్ మీద ఇండికేటర్‌కు వెళ్తుంది. ఆర్‌ఎస్ 232 కేబుల్‌ను 15 మీటర్లకు మించి నమ్మలేం, ఆర్‌ఎస్ 485 అయితే 1,200 మీటర్ల దాకా పోతుంది. కాటా గేటు దగ్గర, ఆఫీసు లోపల ఎక్కడో ఉండే పెద్ద మిల్లుల్లో ఇదొక్కటే పెద్ద సౌకర్యం.

అసలు లాభం సెల్ వారీ సమాచారం. ఖాళీ డెక్ మీద ఒక్కో సెల్ మోసే వాటా దాదాపు స్థిరంగా ఉంటుంది. మొత్తం మారకుండా ఒక సెల్ వాటా తగ్గి పక్క సెల్ వాటా పెరిగితే పునాది కుంగుతోందని అర్థం. గుంటూరు, పల్నాడు వైపు నల్లరేగడిలో ఇది ఊహించాల్సిన విషయమే, వానకు ఉబ్బి ఎండకు బీటలు వారే నేల అది. మిగతా సెల్స్ వాటాలు అలాగే ఉండి ఒక్క సెల్‌తో పాటు మొత్తం కూడా జరిగితే ముందు ఆ సెల్‌ను, దాని కేబుల్‌ను అనుమానించాలి. లారీలు డెక్ మధ్యగానే వెళ్తాయి కాబట్టి ఎడమ, కుడి సెల్స్ మీద పడే బరువుల నిష్పత్తిని చాలా లారీలకు సగటు తీస్తే ఒకటికి దగ్గరగా ఉండాలి. వారాల తరబడి ఒక జత నిష్పత్తి ఒకే వైపు జారుతుంటే, సైటుకు బయలుదేరకముందే ఏ సెల్ తీసుకెళ్లాలో తెలుస్తుంది. ఇంజినీరుకు నిజంగా ప్రయాణం మిగిల్చేది ఇదే.

సెల్ పోతే తెచ్చుకోవడమూ సులువు. సామర్థ్యం, సున్నితత్వం, నిరోధం, కొలతలు కలిస్తే వేరే కంపెనీ అనలాగ్ సెల్ కూడా పెట్టుకోవచ్చు. సీజన్ మధ్యలో ఇది చిన్న విషయం కాదు. మిర్చి దిగుమతి జోరుగా ఉన్న రోజుల్లో టిక్కీలతో (మిర్చి బస్తాలతో) నిండిన లారీలు గేటు బయట బారులు తీరి ఉంటే, సెల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాకా ఆగమని ఏ యజమానికి చెప్పగలం?

లోపం ఒకటుంది. సెల్ నుంచి బాక్స్ దాకా సంకేతం ఇంకా ఆ మైక్రోవోల్టే. బాక్స్ ఐపీ 68 రకం (దుమ్ము, నీళ్లు లోపలికి పోనిది) కాకపోయినా, గ్లాండ్లు సరిగా బిగించకపోయినా, డబ్బు పెట్టి పాత జబ్బునే కొనుక్కున్నట్టు.

డిజిటల్ సెల్: ఎప్పుడు, ఎందుకు

సెల్ లోపలే అంకెగా మారిపోవడం వల్ల కేబుల్ తేమకు, పక్కనున్న మోటార్ల గోలకు పెద్దగా చలించదు. కొన్ని రకాల్లో జంక్షన్ బాక్సే ఉండదు. మెట్లర్ టోలెడో పవర్‌సెల్ అలాంటిదే, సెల్ నుంచి సెల్‌కు కేబుల్ వెళ్తుంది. ఉష్ణోగ్రత, సరఫరా వోల్టేజీ, ఓవర్‌లోడ్ వంటి సంగతులు కూడా సెల్ స్వయంగా చెప్పే రకాలున్నాయి.

ఇంకో పెద్ద కారణం మోసం. అనలాగ్ కేబుల్ మధ్యలోనో, జంక్షన్ బాక్సులోనో చిన్న సర్క్యూట్ పెట్టి, రిమోట్‌తో బరువు తగ్గించి చూపించే పద్ధతి రైతులను, వ్యాపారులను చాలా చోట్ల ముంచింది. పత్తి అమ్మిన రైతుకు క్వింటాలుకు కొన్ని కిలోలు పోతే అది అతని ఏడాది కష్టంలో నుంచి తీసినట్టే. మామూలు బాక్సు ఉన్న కాటాలో ఆ సర్క్యూట్ మొత్తం సంకేతాన్నే మార్చేస్తుంది, తెర మీద ఏ తేడా కనబడదు. సెల్ నుంచి ఇండికేటర్ దాకా ఎన్‌క్రిప్ట్ అయిన అంకెలే వెళ్తే మధ్యలో చెయ్యి పెట్టడం చాలా కష్టం. బయటి జనం తూకం వేయించుకునే పబ్లిక్ కాటాలకు, కొనుగోలు కేంద్రాలకు ఈ ఒక్క కారణంతోనే నేను డిజిటల్ వైపు మొగ్గుతాను.

నష్టాలూ చెప్పాలి. ఒక కంపెనీ డిజిటల్ సెల్ సాధారణంగా ఇంకో కంపెనీ ఇండికేటర్‌తో మాట్లాడదు. ఒకసారి తీసుకుంటే ఆ కంపెనీతోనే కాపురం. పిడుగు పడితే పోయేది ఖరీదైన సెల్. అందుకే సర్జ్ ప్రొటెక్షన్, డెక్‌కూ పునాదికీ మధ్య ప్రతి సెల్ పక్కన రాగి పట్టీ, ఇండికేటర్‌కూ సెల్స్‌కూ ఒకే ఎర్త్ పాయింట్ లేకుండా డిజిటల్ సెల్స్ వేయొద్దని గట్టిగా చెప్తాను. డెక్ మీద వెల్డింగ్ చేసేటప్పుడు కరెంటు సెల్ గుండా పోకుండా కాపాడేదీ ఆ పట్టీయే. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు పని జరిగే చోటికి పక్కనే పెట్టించండి.

డిజిటల్ సెల్స్ అమ్మేవాళ్లు కొందరు "ఫ్యాక్టరీలోనే కాలిబ్రేషన్ అయిపోయింది, సైటులో తూకపు రాళ్లు అక్కర్లేదు" అంటారు. ఒప్పుకోవద్దు. గురుత్వాకర్షణ ఊరు ఊరికీ కొద్దిగా మారుతుంది. ఢిల్లీలో సరిచేసిన కాటాను సవరించకుండా విజయవాడలో పెడితే, ఈ ఒక్క కారణంతోనే 40 టన్నుల లోడు మీద పాతిక, ముప్పై కిలోలు తక్కువ చూపిస్తుంది. పైగా డెక్ బిగింపు, పునాది మట్టం సైటులోనే ఉంటాయి కదా.

ఇంటర్వెల్ ఎంత, తప్పు ఎంత

కొటేషన్లో "60 టన్నులు, 5 కిలోలు" అని, అంటే 60 టన్నుల దాకా 5 కిలోల మెట్లలో చూపిస్తుందని, రాసి ఉంటే ఆగి లెక్క వేయండి. 60,000ను 5తో భాగిస్తే 12,000. క్లాస్ 3 (వ్యాపార తూకాలకు వాడే ఖచ్చితత్వ తరగతి) కాటాలో ఒకే రేంజ్‌కు ఈ మెట్లు, అంటే వెరిఫికేషన్ ఇంటర్వెల్స్, 10,000 మించకూడదు. 10 కిలోలైతే 6,000, 20 కిలోలైతే 3,000. మార్కెట్లో ఎక్కువగా దొరికే సీ3 సెల్ ఆమోదం పొందేది 3,000 ఇంటర్వెల్స్‌కే. మోడల్ అప్రూవల్‌లో (కాటా మోడల్‌కు ప్రభుత్వం ఇచ్చే ఆమోదంలో) ఉన్న సంఖ్య, సెల్ సర్టిఫికెట్‌లో ఉన్న సంఖ్య, ప్లేటు మీద చెక్కిన సంఖ్య మూడూ పక్కపక్కన పెట్టి చూడండి.

10 కిలోల కాటాలో 40 టన్నుల దగ్గర వెరిఫికేషన్‌లో అనుమతించే తప్పు 15 కిలోలు, వాడకంలో దానికి రెట్టింపు, 30 కిలోలు. మిర్చి కిలో 150 రూపాయలు అనుకుంటే 30 కిలోల విలువ 4,500 రూపాయలు. పిడుగురాళ్ల సున్నపురాయి లారీకి అదే 30 కిలోలు ఎవరూ లెక్కచేయరు. సెల్ వారీ మానిటరింగ్‌కు ఎంత ఖర్చు పెట్టాలో కాటా సైజు చెప్పదు, దాని మీద నడిచే సరుకు ధర చెప్తుంది.

ఎండ సంగతి. సీ3 సెల్స్‌కు ఆమోద పరీక్ష మామూలుగా మైనస్ 10 నుంచి 40 డిగ్రీల మధ్య జరుగుతుంది. విజయవాడలో మే నెల రోళ్లు పగిలే ఎండ ఆ గీత దాటిపోతుంది, ఇనుప డెక్ అంతకన్నా వేడెక్కుతుంది. డెక్ నీడలో ఉండే సెల్స్ కొంత నయం. పక్క గోడకు ఎండలో బిగించిన జంక్షన్ బాక్సే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, దాన్ని నీడకు మార్చండి. డిజిటల్ జంక్షన్ బాక్స్ తీసుకుంటే దాని పని ఉష్ణోగ్రత ఎంతో కాగితం మీద రాయించండి. సున్నా గ్రాఫ్ పక్కన ఉష్ణోగ్రత గ్రాఫ్ కూడా ఉంటే, మధ్యాహ్నం జరిగి రాత్రికి వెనక్కొచ్చే సున్నాకూ, జరిగి తిరిగి రాని సున్నాకూ తేడా వెంటనే తెలుస్తుంది.

గుంతా, నేల మీదా?

ఇక్కడ ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ర్యాంపులకు రెండు వైపులా స్థలం ఉంటే నేల మీద కట్టే రకమే. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడ సగం నీళ్లలో ఎలా ఉందో చూసినవాళ్లు పల్లపు ప్రాంతంలో పిట్ (గుంతలో దించే కాటా) వేయమనరు. స్థలం లేక పిట్ తప్పదంటే, నీరు వాలుకు తానే పోయే కాలువ ఉండాలి. పంపును నమ్ముకుంటే కరెంటు పోయిన రాత్రే వాన పడుతుంది. నీటిమట్టం సెన్సర్‌ను అదే గేట్‌వేకు కలపండి, చిన్న ఖర్చు.

గేట్‌వే, సిమ్, సీలు

గేట్‌వే 4జీది తీసుకోండి. పాత 2జీ మోడెమ్‌లు చవకగా దొరుకుతాయి గానీ, జియోకు 2జీ లేనే లేదు. మిగతా నెట్‌వర్క్‌లలోనూ ఎంతకాలం ఉంటుందో దాని మీద పదేళ్ల పరికరం కట్టలేం. ఇన్సులేటెడ్ ప్యానెళ్ల కోల్డ్ స్టోరేజీ లోపల సిగ్నల్ అందదు, యాంటెన్నా బయట పెట్టించండి. నెట్ పోయినప్పుడు తూకాలు, ముడి విలువలు గేట్‌వేలోనే దాచుకుని తర్వాత పంపాలి. దాచుకోలేనిది కొనొద్దు. మిల్లు ఆవరణలో విడివిడిగా ఉన్న ఫ్లోర్ స్కేళ్లను ఒక చోటికి కలపాలంటే లోరా అనే తక్కువ కరెంటు రేడియో బాగుంటుంది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా దానికి లైసెన్సు అక్కర్లేదు.

చట్టం విషయంలో మాత్రం సడలింపు లేదు. లీగల్ మెట్రాలజీ చట్టం 2009లో వచ్చింది, 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని నిబంధనల ప్రకారం వేబ్రిడ్జికి 12 నెలలకొకసారి తూనికలు కొలతల శాఖ తనిఖీ, ముద్ర తప్పనిసరి. సీలు తెంచి మరమ్మతు చేస్తే ఏడాది కాకపోయినా మళ్లీ ముద్ర వేయించాలి, మరమ్మతు చేసేవారికి లైసెన్సు ఉండాలి. అందుకే "ఆఫీసు నుంచే కాలిబ్రేషన్ సరిచేస్తాం" అనే సౌకర్యాన్ని గొప్పగా చెప్పే కొటేషన్‌ను అక్కడే పక్కన పెట్టేయండి. ఈ రోజు ఇంజినీరు సరిచేయగలిగితే, రేపు పాస్‌వర్డ్ దొరికిన ఇంకెవరైనా సరిచేయగలరు. గేట్‌వే చదవాలి, రాయకూడదు. కాలిబ్రేషన్ జంపర్ (కాలిబ్రేషన్ మార్చడానికి వీలిచ్చే చిన్న స్విచ్) సీలు కిందే ఉండాలి. డిజిటల్ సెల్ మార్చాక పాత అంకెలు ఎక్కించి కాటాను నడిపించడం సాంకేతికంగా కుదిరినా, ముద్ర అవసరం మాత్రం పోదు.

నేనైతే ఇలా చెప్తాను

మిర్చి కోల్డ్ స్టోరేజీ, జిన్నింగ్ మిల్లు, ఓ మాదిరి రైస్ మిల్లు: అనలాగ్ సెల్స్, డిజిటల్ జంక్షన్ బాక్స్, 4జీ గేట్‌వే. సరుకు ఖరీదైనది, సీజన్ చిన్నది, సెల్ వెంటనే దొరకాలి. వీటన్నిటికీ మధ్య దారే సరిపోతుంది. స్టోర్‌లో ఒక స్పేర్ సెల్ ఉంచుకోమనండి.

రాత్రింబగళ్లు లారీలు నడిచే సిమెంటు ఫ్యాక్టరీ, బొగ్గు, బూడిద కదిలే ప్లాంటు: డిజిటల్ సెల్స్. కాటా ఆగితే ప్లాంటే ఆగే చోట ధర తేడా చూడకూడదు. పబ్లిక్ కాటాకు కూడా డిజిటలే, అంత పెట్టలేకపోతే కనీసం డిజిటల్ జంక్షన్ బాక్స్, ఫొటో స్లిప్.

పదేళ్లు దాటిన పాత కాటాకు కొత్త గేట్‌వే ఒక్కటే తగిలించి చేతులు దులుపుకోవద్దు. ముందు గ్లాండ్లు, కేబుళ్లు, ఎర్తింగ్ చూడండి. 2018లో యాక్సిల్ లోడు పరిమితులు పెరిగాక పది చక్రాల లారీకే 25 నుంచి 28.5 టన్నులు అయింది. పాత డెక్ ఆ బరువుకు తగిందేనా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

యార్డులో టిక్కీలు తూచే ప్లాట్‌ఫాం కాటాలకు మానిటరింగ్ అమ్మే వాళ్లూ ఉన్నారు. ఆ డబ్బుతో ముద్ర ఉన్న 20 కిలోల రాళ్లు కొని, రోజూ పొద్దున రైతుల ఎదురుగా తూచి చూపించమని చెప్పండి. అక్కడ నమ్మకం పెరిగేది దానితోనే.

ఏది తీసుకున్నా పర్చేజ్ ఆర్డర్లో నాలుగు విషయాలు రాయించండి: ముడి విలువలు అందుతాయని, సెల్ వారీ చరిత్ర కనీసం రెండేళ్లు ఉంటుందని, సర్వీస్ ఒప్పందం ఆగిపోయినా ఆ చరిత్ర యజమానికి ఫైలుగా ఇస్తారని, అలర్టు యజమానితో పాటు సర్వీస్ ఇంజినీరు ఫోనుకు కూడా వెళ్తుందని. మూడోదానికి ఒప్పుకోని కంపెనీలు ఉంటాయి. కాటా రెండో ఏడు దాటాక చేతిలో ఆ చరిత్ర లేకపోతే, సెల్ పాతబడి జారుతోందో, పునాది కుంగుతోందో మళ్లీ మొదటి నుంచి కొలుచుకోవాల్సి వస్తుంది. అందుకే ఆ లైను లేకుండా సంతకం పెట్టనివ్వకండి.